రేసు దృశ్యం ఎవరిది? మోటార్ స్పోర్ట్ అభిమాన ఖాతాల చరిత్ర

పరిచయం

ఈ భాగం మొదలుపెట్టే ముందు ఒకసారి మీ ఫోన్ తెరిచి చూడండి. మీరు అనుసరిస్తున్న ఖాతాల్లో కనీసం ఒకటి అభిమానులు నడుపుతున్నది ఉంటుంది. అది ఒక సినీ నటుడిది కావచ్చు, ఒక క్రికెట్ జట్టుది కావచ్చు. దాన్ని నడిపే వ్యక్తికి జీతం లేదు. చాలాసార్లు పేరు కూడా మనకు తెలియదు. అయినా ఏ వార్త ముందు చెప్పాలి, ఏ దృశ్యం చూపాలి, ఎవరి వ్యాఖ్య తొలగించాలి అన్నది రోజూ ఆ వ్యక్తే నిర్ణయిస్తూ ఉంటారు.

చరిత్ర విద్యార్థులుగా మీకు కైఫీయతుల గురించి తెలుసు. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కాలిన్ మెకంజీ సేకరణ కోసం ఊళ్ల కరణాలు చెప్పినవి, రాసి ఇచ్చినవి వాటిలో ఉన్నాయి. ఊరి సంగతులతోపాటు, రాసినవారి అభిమానాలు, భయాలు కూడా వాటిలోకి చేరాయి. అందుకే వాటిని చదివేటప్పుడు ఏం చెప్పారో చూసినంత శ్రద్ధగా ఎవరు చెప్పారో కూడా చూస్తాం. అభిమాన ఖాతాలను కూడా అదే పద్ధతిలో చదవవచ్చు.

ఇక్కడ మనం ఫార్ములా వన్ కారు పందేల అభిమానుల ఖాతాలను ఉదాహరణగా తీసుకుంటున్నాం. క్రికెట్‌ను వదిలి దీన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. పెద్ద క్రీడలన్నిటిలో తన దృశ్యాలను చాలా కట్టుదిట్టంగా దాచుకున్నవాటిలో ఫార్ములా వన్ ఒకటి. ఆ తలుపు 2017లో దాదాపు ఒక్కసారిగా తెరుచుకుంది. దాంతో ఖాతా నడిపేవారి పని ఎలా మారిందో స్పష్టంగా కనబడుతుంది. తలుపు మూసి ఉన్నంతకాలం దొరకనిదాన్ని పదిమందికీ చేరవేయడమే వారి పని. తెరుచుకున్న తరువాత, దొరికినదానిలో ఏది చూపకూడదో తేల్చుకోవడం వారి అసలు పని అయింది.

గంట నుంచి ఒప్పందం దాకా

ఉత్తర ఇటలీలోని మారనెల్లో, ఫెరారీ కార్ల కర్మాగారం ఉన్న ఊరు. ఫెరారీ కారు గ్రాండ్ ప్రీ గెలిస్తే అక్కడి చర్చిలో గంట మోగించడం ఆనవాయితీ. ఊరంతటికీ వార్త ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. అయితే ఆ గంట ‘గెలిచాం’ అని మాత్రమే చెప్పగలదు. ఎలా గెలిచారో, ఎన్ని సెకన్ల తేడాతో గెలిచారో తెలియాలంటే పత్రిక రావాలి. బ్రిటన్‌లో 1924లో మొదలైన ‘మోటార్ స్పోర్ట్’ మాసపత్రిక, 1950లో మొదలైన ‘ఆటోస్పోర్ట్’ వారపత్రిక ఆ అవసరాన్ని తీర్చాయి. ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి రేసు జరిగింది కూడా 1950లోనే, మే 13న, ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో. ఆ రోజుల్లో దూరదేశపు అభిమాని రేసు వివరాలను కొన్ని రోజులు ఆగి చదివేవాడు. అభిప్రాయం ఉంటే సంపాదకుడికి ఉత్తరం రాసేవాడు.

టెలివిజన్ వచ్చాక దృశ్యానికి ధర ఏర్పడింది. 1981లో కుదిరిన కాంకోర్డ్ ఒప్పందాన్ని ఇక్కడ మీరు గుర్తుంచుకోవాలి. పారిస్‌లో అంతర్జాతీయ మోటార్ సమాఖ్య కార్యాలయం ఉన్న కూడలి పేరే ఆ ఒప్పందానికి పెట్టారు. దానితో టీవీ హక్కుల బేరం, బ్రాబమ్ జట్టు యజమాని బెర్నీ ఎకిల్‌స్టోన్ నాయకత్వంలోని నిర్మాతల సంఘం చేతికి వచ్చింది. ఈ ఏకీకరణ ఆ క్రీడను ధనిక క్రీడగా మార్చింది. తరువాత 2001లో సమాఖ్య ఈ వాణిజ్య హక్కులను ఎకిల్‌స్టోన్ సంస్థకు 100 సంవత్సరాలకు కౌలుకు ఇచ్చింది. ఆ కౌలు 2011 నుంచి 2110 దాకా నడుస్తుంది. భూమి కౌళ్ల చరిత్ర చదివిన మీకు కూడా ఇంత సుదీర్ఘమైన గడువు ఆశ్చర్యం కలిగించక మానదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 37వ సెక్షన్ ప్రసార సంస్థలకు తమ ప్రసారంపై 25 సంవత్సరాల హక్కు ఇస్తుంది. విమర్శ, సమీక్ష, వర్తమాన సంఘటనల నివేదన వంటి పనులకు న్యాయమైన వినియోగాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ‘పది సెకన్లలోపు అయితే ఏమీ కాదు’ అన్న మాట అభిమానుల మధ్య బాగా వినబడుతుంది. చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. ప్రతి సందర్భాన్నీ విడిగానే చూస్తారు. అందువల్ల ఖాతా నడిపే వ్యక్తి ఎప్పుడూ ఒక అనిశ్చిత స్థితిలోనే పని చేస్తారు.

మాటలతో నడిచిన ఖాతాలు

దృశ్యం పెట్టే వీలు లేనప్పుడు అభిమానుల చేతిలో మిగిలేది మాట. ల్యాప్ వారీగా వివరాలు రాయడం, ఇటాలియన్, స్పానిష్ పత్రికల కథనాలను అనువదించి సారాంశం ఇవ్వడం, అంకెల పట్టికలు తయారు చేయడం వారి పనిగా ఉండేది. ఇంకొకటి ఉంది. చిన్నదిగా కనబడే ఈ పనిలోనే వారి శ్రమ తెలుస్తుంది. అది రేసు సమయాన్ని భారత కాలమానంలోకి మార్చి చెప్పడం. ఐరోపాలో మధ్యాహ్నం 2 గంటలకు మొదలయ్యే రేసు వేసవిలో మనకు సాయంత్రం 5:30కి వచ్చేది. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో అక్కడ గడియారాలు గంట ముందుకో వెనక్కో జరుపుతారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. కాబట్టి ఆ రోజు లెక్క తప్పితే ఖాతాను నమ్ముకున్న అభిమానులకు రేసు మొదటి గంట పోయినట్లే. 2018లో ఐరోపా రేసుల ప్రారంభ సమయం 3:10కి మారినప్పుడు పాత పట్టికలన్నీ మళ్లీ రాసుకోవలసి వచ్చింది.

భారతీయ అభిమానులకు 2005 ముఖ్యమైన సంవత్సరం. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో దిగిన తొలి భారతీయుడయ్యాడు. ఆ జూన్ 19న ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం పొందాడు. మిషెలిన్ టైర్ల భద్రతపై అనుమానంతో ఎక్కువ జట్లు తప్పుకోగా, ఆ రోజు పరుగెత్తినవి ఆరు కార్లు మాత్రమే. ఆ నాలుగో స్థానాన్ని మన అభిమానులు గర్వంగా చూశారా, సందేహంగా చూశారా? దీనికి జవాబు వెతకవలసిన చోటు ఒకటి ఉండేది. 2004లో మొదలైన ఆర్కుట్ మన దేశంలో చాలా ప్రజాదరణ పొందింది. అభిమానుల బృందాలు అందులో వేల సంఖ్యలో ఉండేవి. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. బహిరంగ బృందాల సంభాషణలను కొంతకాలం నిల్వగా ఉంచారు కానీ, తరువాత అదీ అందకుండా పోయింది. వెయ్యేళ్ల నాటి శాసనాలు చదవగలుగుతున్న మనం, ఇరవై ఏళ్ల నాటి అభిమానుల మాటలు చదవలేని స్థితిలో ఉన్నాం.

2011 నుంచి 2013 దాకా గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మూడు ఇండియన్ గ్రాండ్ ప్రీలు జరిగాయి. మూడూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 2013 అక్టోబరు 27న అక్కడే నాలుగో ప్రపంచ టైటిల్ ఖాయం చేసుకుని, ప్రేక్షకుల ఎదుట కారును గుండ్రంగా తిప్పి, దిగి దానికి నమస్కరించాడు. నియమం ప్రకారం కారును నేరుగా పార్కింగ్ స్థలానికి తేలేదని జట్టుకు 25,000 యూరోల జరిమానా పడింది. ప్రేక్షకులకు కానుకలాంటి ఘట్టానికి జరిమానా వేసిన ఆ ఒక్క సంఘటన, అప్పటి ఫార్ములా వన్ అభిమానిని ఎలా చూసేదో చెబుతుంది.

ఆ వైఖరిని ఎకిల్‌స్టోన్ దాచుకోలేదు. 2014 నవంబరులో, తన 84వ ఏట, ఒక వ్యాపార పత్రికతో మాట్లాడుతూ ట్విటర్, ఫేస్‌బుక్‌ల వల్ల తనకు ప్రయోజనం కనబడటం లేదని చెప్పాడు. ఖరీదైన గడియారాలు కొనలేని యువకుల కంటే డబ్బున్న 70 ఏళ్ల వృద్ధుడే తనకు ముఖ్యమన్నాడు. ఆయనను ఎగతాళి చేయడం సులభం. కానీ టీవీ సంస్థలు కట్టే రుసుములే ఆదాయంగా ఉన్న వ్యాపారికి, ఉచితంగా తిరిగే ప్రతి దృశ్యం నష్టంగానే కనబడుతుంది. స్వయంగా ఛాంపియన్ అయిన లూయిస్ హామిల్టన్‌కు కూడా ప్యాడక్‌లో తీసిన చిన్న వీడియోలు పెట్టినందుకు హెచ్చరికలు వచ్చాయి.

సుజుకా, 2014

2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకాలో వర్షం మధ్య రేసు జరిగింది. అడ్రియన్ సుటిల్ కారు జారి ట్రాక్ పక్కకు పోగా, దాన్ని తొలగించడానికి ఒక క్రేన్ వాహనం వచ్చింది. తరువాతి ల్యాప్‌లో మారుస్సియా జట్టు డ్రైవర్ జూల్ బియాంకి అదే చోట అదుపు తప్పి ఆ వాహనాన్ని ఢీకొన్నాడు. అతని వయసు 25. తొమ్మిది నెలలకు పైగా స్పృహ లేకుండా ఉండి 2015 జులై 17న మరణించాడు.

ఆ తాకిడి దృశ్యాన్ని టీవీ ప్రసారం చూపలేదు. స్టాండులో కూర్చున్న ప్రేక్షకుడు ఒకరు తీసిన వీడియో ఆ తరువాత అంతర్జాలంలోకి వచ్చింది. హక్కుల సంస్థ దాన్ని తొలగింపజేస్తూ ఉంటే, ఇంకోచోట మళ్లీ కనబడుతూ వచ్చింది. అభిమాన ఖాతా నడిపేవారి ముందు ఇది ఒక కొత్త ప్రశ్న పెట్టింది. అప్పటిదాకా వారి అలవాటు ఒకటే: టీవీ చూపనిది దొరికితే చూపించు. ఇప్పుడు దొరికినది ఒక మనిషి ప్రాణాపాయ క్షణం. అతని తల్లిదండ్రులు ఆసుపత్రిలో ఉన్నారు.

ఆ వీడియోను పంచినవారి వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. నిర్వాహకులు తమ తప్పును దాచుకోవచ్చు, సాక్ష్యం ప్రజల చేతిలో ఉండాలి అని వారన్నారు. అయితే సాక్ష్యం తనంతట తాను మాట్లాడదు. ఆ వీడియోలో ఒక మార్షల్ పచ్చజెండా ఊపుతూ కనబడ్డాడు. ప్రమాదం జరిగిన చోట పచ్చజెండానా అని ఎంతోమంది ఆగ్రహించారు. నియమం తెలిసినవారు వివరించిన సంగతి వేరు. ప్రమాదస్థలానికి ముందున్న పోస్టుల్లో పసుపు జెండాలు, దాన్ని దాటిన వెంటనే ఉన్న పోస్టులో పచ్చజెండా చూపడమే పద్ధతి. వీడియోలో కనబడినది ఆ తరువాతి పోస్టు. అంటే దృశ్యం నిజమే, దాని నుంచి తీసిన అర్థం తప్పు. వీడియో పెట్టి ఈ వివరణ పెట్టని ఖాతా కంటే, వీడియో పెట్టకుండా వివరణ మాత్రమే పెట్టిన ఖాతా చరిత్రకు ఎక్కువ మేలు చేసిందని ఈ రచయిత అభిప్రాయం. మీరు అంగీకరించనక్కరలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: పై సందర్భంలో ఆ వీడియో ప్రాథమిక ఆధారమా, కాదా? పచ్చజెండా గురించి అభిమానులు రాసిన కోపపు వ్యాఖ్యలు దేనికి ప్రాథమిక ఆధారం అవుతాయి? మీ జవాబు ఐదారు వాక్యాల్లో రాయండి. రెండో ప్రశ్నకు ‘ప్రమాదానికి’ అని రాస్తే మళ్లీ ఆలోచించండి.

తలుపు తెరుచుకున్నాక

అమెరికాకు చెందిన లిబర్టీ మీడియా సంస్థ 2016 సెప్టెంబరులో ఫార్ములా వన్‌ను కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించి, 2017 జనవరిలో కొనుగోలు పూర్తి చేసింది. ఎకిల్‌స్టోన్ స్థానంలో చేజ్ కేరీ వచ్చాడు. కొద్ది వారాలకే, బార్సిలోనాలో సీజన్ ముందు జరిగే పరీక్షా పరుగుల సమయంలో, జట్లు, డ్రైవర్లు ప్యాడక్ నుంచి చిన్న వీడియోలు పెట్టుకోవడానికి అనుమతి లభించింది. రేసు దృశ్యాలపై హక్కులు మాత్రం అలాగే ఉన్నాయి. 2019 మార్చి 8న నెట్‌ఫ్లిక్స్‌లో ‘డ్రైవ్ టు సర్వైవ్’ విడుదలైంది. రేసు ఎన్నడూ చూడనివారు కూడా డ్రైవర్ల గొడవలు, స్నేహాలు తెలుసుకుని అభిమానులయ్యారు. 2020లో కోవిడ్ వల్ల మెల్‌బోర్న్ రేసు రద్దయి జులై దాకా కార్లు కదలనప్పుడు, లాండో నోరిస్ వంటి యువ డ్రైవర్లు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ రేసులు ఆడుతూ అభిమానులతో నేరుగా మాట్లాడారు.

దీని ఫలితం ఊహించండి. నిన్నటిదాకా అభిమాన ఖాతా అందించిన వార్త, ఫొటో, ఛలోక్తి ఇప్పుడు జట్టు అధికారిక ఖాతాలోనే, జీతం తీసుకునే ఉద్యోగుల చేతుల మీదుగా, మెరుగైన కెమెరాతో వస్తున్నాయి. మరి అభిమాన ఖాతాకు మిగిలినదేమిటి? జట్టు చెప్పనిది చెప్పడం ఒకటి. నాలుగైదు జట్ల అభిమానులు ఒకే చోట కొట్టుకోకుండా మాట్లాడుకునేలా చూడటం రెండోది. ఇదే కష్టం.

2021 డిసెంబరు 12న అబుదాబిలో ఇది ఎంత కష్టమో తేలింది. హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ సరిసమానంగా 369.5 పాయింట్లతో చివరి రేసుకు వచ్చారు. 58 ల్యాప్‌ల రేసులో 53వ ల్యాప్‌లో నికోలస్ లతీఫీ కారు గోడకు తగిలింది. సేఫ్టీ కారు వచ్చింది. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసి, ఒక ల్యాప్ వెనుకబడిన కార్లలో ఐదింటిని మాత్రమే ముందుకు పోనిచ్చి, ఒక్క ల్యాప్ మిగిలి ఉండగా రేసు మళ్లీ మొదలుపెట్టాడు. కొత్త టైర్లతో ఉన్న వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ను దాటి ఛాంపియన్ అయ్యాడు. నియమాల అమలులో మానవ తప్పిదం జరిగిందని సమాఖ్య నివేదిక 2022 మార్చిలో అంగీకరించింది. కానీ అభిమానుల కోపం నివేదిక కోసం ఆగలేదు. వెనుక వరుసలో పరుగెత్తుతూ గోడకు తగలడం తప్ప ఇంకేమీ చేయని లతీఫీకి చంపుతామనే బెదిరింపులు వచ్చాయి. అతడు ఫోన్‌లోంచి ఆ యాప్‌లు తీసేశాడు. లండన్‌లో అంగరక్షకులను పెట్టుకోవలసి వచ్చిందని తరువాత చెప్పాడు. 2022 సెప్టెంబరులో డచ్ గ్రాండ్ ప్రీ తరువాత రెడ్ బుల్ జట్టు వ్యూహకర్త హానా ష్మిట్జ్ మీద, ఆ అక్టోబరులో అమెరికా రేసు తరువాత స్టూవర్డ్ సిల్వియా బెయోత్ మీద ఇదే జరిగింది. వీరిద్దరూ మహిళలు. దూషణ ఎవరి వైపు త్వరగా తిరుగుతుందో గమనించండి. 2023లో సమాఖ్య ఆన్‌లైన్ దూషణకు వ్యతిరేకంగా ఒక ఉద్యమమే చేపట్టింది.

సమాఖ్య ప్రకటనలు చరిత్ర పుస్తకాల్లోకి వస్తాయి. అబుదాబి వంటి రాత్రి ఒక అభిమాన ఖాతా కింద వచ్చిన దూషణలను ఒక్కొక్కటే చదివి తొలగించే వ్యక్తి మాత్రం ఎక్కడా నమోదు కారు. పైగా ఆ పని బాగా చేసినకొద్దీ ఆధారం మిగలదు. పదేళ్ల తరువాత మీరు ఆ పేజీ తెరిస్తే ప్రశాంతమైన చర్చే కనబడుతుంది. ఆ రాత్రి అభిమానులు సంయమనం పాటించారని రాసేస్తారు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మంటల్లో చిక్కుకున్న ఘటనలో దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి కనబడుతుంది. అతడు బయటపడ్డాడని తెలిశాక అధికారిక ప్రసారమే ఆ దృశ్యాన్ని పదేపదే చూపింది. సహ డ్రైవర్ డేనియల్ రికియార్డో దాన్ని బహిరంగంగా తప్పుపట్టాడు. సుజుకాలో అభిమాని ముందు నిలిచిన ప్రశ్న ఆరేళ్లకు ప్రసార సంస్థ ముందుకు వచ్చింది.

హైదరాబాదు, 2023: ఒక ఆధారాన్ని చదవడం

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబినీ పార్కు పరిసరాల్లోని రోడ్ల మీద విద్యుత్ కార్ల పందెం జరిగింది. భారతదేశంలో జరిగిన తొలి ఫార్ములా ఈ రేసు అదే. ట్రాక్ పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ రెండో స్థానంలో నిలిచాడు. మూడో స్థానం దగ్గర ఆగండి. గీత దాటేటప్పుడు మూడోవాడు సెబాస్టియన్ బ్యూమీ. అనుమతించిన శక్తి పరిమితి మించినందుకు అతనికి శిక్ష పడటంతో ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు దక్కింది. రేసు ముగిసిన నిమిషంలో పెట్టిన పోస్టులో బ్యూమీ పేరు ఉంటే అది అబద్ధం కాదు, ఆ నిమిషానికి అదే నిజం. తరువాత సరిదిద్దారా, పాత పోస్టు కింద సవరణ రాశారా, చడీచప్పుడు లేకుండా తీసేశారా అన్నదాన్ని బట్టి ఆ ఖాతా నిర్వహణ ఎలాంటిదో మీకు తెలుస్తుంది.

2024 ఫిబ్రవరి 10న రెండోసారి రేసు జరగాలని క్యాలెండర్‌లో ఉంది. ఆతిథ్య ఒప్పందం అమలు కావడం లేదంటూ 2024 జనవరి మొదట్లో నిర్వాహకులు దాన్ని రద్దు చేశారు. ఆ తరువాత ఆ రేసు రాజకీయ వివాదంగానూ, చెల్లింపులపై కేసుగానూ వార్తల్లో నిలిచింది. పత్రికల నుంచి ఆ వివాదాన్ని మీరు తెలుసుకోగలరు. ట్రాఫిక్ మళ్లింపుల్లో చిక్కుకున్నవారు ఏమన్నారో, టికెట్ కొని స్టాండులో కూర్చున్నవారికి ఏం కనబడిందో, చప్పుడు లేని కారును చూసి ఎవరు నిరాశపడ్డారో తెలియాలంటే ఆ రోజుల నాటి ఖాతాలే చూడాలి. అవి ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. 2023లోనే ట్విటర్ తన పేరు ఎక్స్‌గా మార్చుకుంది. బయటి ప్రోగ్రాములకు ఉచితంగా ఇచ్చిన సౌకర్యాన్ని బాగా కుదించింది. దానిపై ఆధారపడి తమంతట తాము నడిచే ఖాతాలు చాలా ఆగిపోయాయి.

అభ్యాసం: వచ్చే సంప్రదింపు తరగతికి ముందు, 2023 ఫిబ్రవరి 11 నాటి హైదరాబాదు రేసు గురించి అభిమానులు నడిపే ఏదైనా ఒక ఖాతాలో పెట్టిన పోస్టును వెతకండి. పోస్టు సమయం, అది భారత కాలమానమా కాదా, దృశ్యం ఎవరు తీసినది, మూడో స్థానంలో ఎవరి పేరు ఉంది అన్నవి మీ నోటు పుస్తకంలో రాసుకోండి. రాసిన వ్యక్తి పేరు తెలిసినా మీ జవాబులో ఇవ్వకండి. పోస్టు దొరకకపోయినా, కొంత భాగం తొలగిపోయి ఉన్నా, మీరు వెతికిన తేదీతో సహా ఆ సంగతి రాయండి.